జీడిపండు ఎందుకు నేలపాలవుతోంది? – వ్యాపార ఆలోచన నాణ్యత తేలే చోటు

ఏప్రిల్ నెలలో పలాస నుంచి మందస వైపో, వజ్రపుకొత్తూరు వైపో తోటల మధ్యగా వెళ్లేవారికి పులిసిన పండ్ల వాసన ఒకటి తగులుతుంది. జీడిమామిడి చెట్ల కింద రాలిన పండ్ల వాసన అది. కూలీలు పండు కొసన ఉండే పిక్కను మెలిపెట్టి తీసుకుని, పండును అక్కడే వదిలేస్తారు. పిక్క పలాస, కాశీబుగ్గలలోని పరిశ్రమలకు చేరి, పెంకు వదిలించుకుని, పొట్టు తీయించుకుని, పప్పుగా మారి దూరదేశాల దాకా వెళ్తుంది. దానికంటే ఎన్నో రెట్లు బరువుండే పండును మాత్రం పశువులు కొంత తింటాయి, పిల్లలు కొంత తింటారు, మిగిలినది చెట్టు మొదట్లోనే కుళ్లిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునే యువతీయువకుల ప్రతిపాదనలను వినే అవకాశం నాకు అప్పుడప్పుడూ వస్తూ ఉంటుంది. వాటిలో ఈ పండు తరచుగా కనిపిస్తుంది. “ఇంత పండు వృథా అవుతోంది కదా, రసం తీసి సీసాల్లో పోసి అమ్ముదాం” అన్నది అందరూ చెప్పే మాటే అయినా, ఒక్కొక్కరు ఒక్కో దారిన అక్కడికి చేరుకుంటారు. ఒకరు గోవాలో జీడిపండుతో సారా కాస్తారని విని వస్తారు. మరొకరు ఆహార పరిశ్రమలకు రాయితీ ఉందని తెలిసి, దానికి సరిపోయే వస్తువు కోసం వెతుకుతూ వస్తారు. ఇంకొకరు సొంత తోటలో పదేళ్లుగా పిక్కలు ఏరించి, కూలీ లెక్కలు రాసి, విసిగిపోయి వస్తారు. కాగితం మీద ముగ్గురి ఆలోచనా ఒకటే. వాటి నాణ్యతలో ఉన్న తేడా ఆ వాక్యం చదివితే తెలియదు, దానికి ముందు వారు ఏ ప్రశ్న వేసుకున్నారో అడిగితేనే తెలుస్తుంది.

ముందుగా నాణ్యత అనే మాటను కొంచెం విడదీయాలి. సృజనాత్మకతను పరిశీలించే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొత్తదనం, ఉపయోగం అనే రెండు లక్షణాలు కలిసిన ఆలోచననే సృజనాత్మకమైనదిగా లెక్కిస్తారు. వ్యాపారంలో వీటికి మరో రెండు షరతులు తోడవుతాయి. దానికి డబ్బు ఇచ్చే మనిషి ఉండాలి, దాన్ని చేసి చూపగల శక్తి ఆలోచించిన వారికి అందుబాటులో ఉండాలి. ఇంకొక సంగతి కూడా ఉంది. కరణ్ గిరోత్రా, క్రిస్టియన్ టెర్వీష్, కార్ల్ ఉల్రిక్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తి చూపినట్టు, వ్యాపారంలో పది ఆలోచనల సగటు మంచితనంతో మనకు పని లేదు, వాటిలో అత్యుత్తమమైన ఒక్కటి ఎంత మంచిదన్నదే ముఖ్యం. తొమ్మిది పనికిమాలినవైనా ఒకటి గట్టిదైతే చాలు. కాబట్టి ఏ ఆలోచనా ధోరణి అయినా రెండు పనులు చేయగలగాలి. ఒకదానికొకటి పోలిక లేని ఆలోచనలను పుట్టించాలి, ఆ తర్వాత వాటిలో గట్టిదాన్ని గుర్తుపట్టాలి. అమెరికన్ మనస్తత్వవేత్త జె.పి. గిల్ఫర్డ్ 1950ల నాటికే విస్తరించే ఆలోచన, కుదించే ఆలోచన అని వీటిని వేరు చేశాడు. మన దగ్గర చాలా ప్రతిపాదనలు మొదటి పని చేయకుండానే రెండో పనిలోకి దిగిపోతాయి. తట్టిన మొదటి ఆలోచనే చివరి ఆలోచన అవుతుంది.

ఆలోచనలు ఎక్కడి నుంచి తడతాయన్నదానికి మంచి ఆధారం స్కాట్ షేన్ అనే పరిశోధకుడు 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనంలో దొరుకుతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో పొడి పదార్థాన్ని పొరలు పొరలుగా అతికించి వస్తువులు తయారుచేసే త్రీడీ ప్రింటింగ్ విధానం ఒకటి రూపొందింది. ఆ ఒక్క ఆవిష్కరణను చూసి ఎనిమిది బృందాలు ఎనిమిది వేర్వేరు వ్యాపారాలను ఊహించుకున్నాయి. ఒకరికి అందులో మందుల తయారీ కనిపించింది, ఒకరికి పింగాణీ వడపోత పరికరాలు కనిపించాయి, ఒకరికి లోహపు పోతకు కావలసిన అచ్చులు, మరొకరికి భవనాల నమూనాలు కనిపించాయి. ఎవరికి ఏది కనిపించిందన్నది వారు అంతకుముందు పనిచేసిన రంగాన్ని బట్టి తేలింది. ఇతరులు చూసినది తమకు కనిపించనే లేదని కూడా వారి మాటల్లో బయటపడింది. చురుకైన బుర్ర ఉంటే ఏ అవకాశమైనా కనిపిస్తుందన్న నమ్మకాన్ని ఈ అధ్యయనం బాగా దెబ్బతీస్తుంది.

పలాసలో దీన్ని సులభంగా పోల్చుకోవచ్చు. జీడిపప్పు వ్యాపారికి పప్పు గురించి ఒక పూర్తి భాషే ఉంది. 180, 210, 240, 320 అనే గ్రేడ్లు అతనికి నోటికి వస్తాయి. 320 అంటే ఒక పౌను (సుమారు 454 గ్రాముల) తూకానికి సుమారు 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. బద్దకు ఒక ధర, ముక్కకు ఒక ధర, రంగు మారినదానికి ఇంకొక ధర ఉంటాయి. పండుకు మాత్రం గ్రేడూ లేదు, ధరా లేదు. ధర లేని వస్తువు మీద వ్యాపారి చూపు నిలవదు. పెంకు కొట్టే మహిళకు తెలిసిన జీడి వేరు. పెంకులోని నూనె చర్మాన్ని ఎలా కాలుస్తుందో, చేతులకు ఏం పూసుకుంటే కాస్త ఆగుతుందో ఆమెకు తెలుసు. అదే నూనె రంగుల తయారీకి, వాహనాల బ్రేకు లైనింగులకు పనికొస్తుందని రసాయన శాస్త్రం చదివినవారికి తెలుసు. ఈ ముగ్గురూ ఒకే ఊళ్లో ఉన్నా ఒక చోట కూర్చుని మాట్లాడుకునే సందర్భం రాదు. పెంకు కొట్టే మహిళను వ్యాపార ఆలోచన ఏదైనా ఉందా అని అడిగిన వారిని నేను ఇంతవరకు చూడలేదు.

తెలిసినదే కనిపిస్తుందన్న సూత్రానికి రెండో ముఖం కూడా ఉంది. బాగా తెలిసినది కొన్నిసార్లు కళ్లకు గంతలు కడుతుంది. కార్ల్ డంకర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. అది 1945లో ఇంగ్లీషులో వెలువడింది. ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పిన్నులున్న పెట్టె ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమన్నారు. పెట్టెను ఖాళీ చేసి, పిన్నులతో గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి నిలబెట్టడం పరిష్కారం. పిన్నులు పెట్టెలో ఉన్నంతసేపూ చాలామందికి అది తట్టలేదు. పెట్టె అంటే పిన్నులు పెట్టుకునేదే అన్న భావన అడ్డుపడింది. పిన్నులు విడిగా, పెట్టె ఖాళీగా ఇస్తే ఎక్కువమంది ఛేదించారు. విజయనగరం జిల్లాలో గోగునార పరిస్థితి ఇలాంటిదే. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం ప్రాంతాల మిల్లుల వల్ల నార అంటే గోతం, గోతం అంటే ధాన్యం అన్న గొలుసు మనసుల్లో బిగిసిపోయింది. ఆహార ధాన్యాలను నార సంచుల్లోనే నింపాలని చెప్పే 1987 నాటి కేంద్ర చట్టం ఆ గొలుసుకు మరో ముడి వేసింది. కొనేవాడు ఖాయంగా ఉన్నచోట నారతో ఇంకేం చేయవచ్చన్న ప్రశ్న పుట్టదు.

జీడిపండు దగ్గరకు తిరిగి వస్తే, గోవాను చూసి వచ్చిన వ్యక్తి చేసినది పోలిక ద్వారా ఆలోచించడం. ఇది తప్పేమీ కాదు. కొత్త ఆలోచనల్లో ఎక్కువ భాగం ఒక చోటి పద్ధతిని మరో చోటికి తెచ్చుకున్నవే. సాలూరులో లారీల వ్యాపారం, పలాసలో జీడి పరిశ్రమ పెరిగింది కూడా ఒకరిని చూసి ఒకరు పెట్టడం వల్లనే. అలా గుంపుగా చేరితే పనివాళ్లు, మరమ్మతు చేసేవాళ్లు, కొనేవాళ్లు అందరూ అక్కడికే వస్తారు. పక్కవాణ్ని చూసి పెట్టాడని ఎగతాళి చేసేవారు ఈ లాభాన్ని మరచిపోతుంటారు. అసలు ఇబ్బంది పోలిక ఏ లోతులో జరిగిందన్న దగ్గర వస్తుంది. పైపైన కనిపించే పోలికలు వెంటనే తడతాయి, లోపలి నిర్మాణంలో ఉన్న పోలికలు ఎవరైనా గుర్తు చేస్తే తప్ప తట్టవు. మేరీ గిక్, కీత్ హోలియోక్ 1980లో చేసిన ప్రయోగాల్లో ఒక కోటను ముట్టడించిన సైన్యం కథ చదివినవారిలో చాలామందికి, అచ్చం అదే నిర్మాణం ఉన్న ఒక వైద్య సమస్యకు ఆ కథ పనికొస్తుందన్న సంగతి తమంతట తాముగా తోచలేదు. కథను వాడుకోమని చెప్పాక ఎక్కువమంది పరిష్కరించారు.

బెంగళూరులో కిరాణా సరుకులు కొన్ని నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు నడుస్తున్నాయి కాబట్టి శ్రీకాకుళంలోనూ ఒకటి పెడదామన్నది పైపై పోలిక. అక్కడ ఒక్కో అపార్టుమెంటులో వందలాది కుటుంబాలు ఉండటం, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లడం, సందు చివర దుకాణానికి వెళ్లాలన్నా రద్దీలో ఇరుక్కోవలసి రావడం ఆ వ్యాపారానికి పునాదులు. ఇక్కడ వీధి చివర దుకాణంలో మన పేరు తెలిసిన మనిషి ఉంటాడు, ఫోను చేస్తే కుర్రాడితో సరుకు పంపిస్తాడు, పైగా నెలాఖరు దాకా ఖాతా రాసుకుంటాడు. ఆ ఖాతా పుస్తకంతో పోటీపడే సంగతి ప్రతిపాదనలో ఒక్క వాక్యమైనా ఉండదు.

మరి పండును ఎందుకు వదిలేస్తున్నారు? వృథా అవుతోందన్నది చూపుకు అందే విషయం. ఎందుకు వృథా అవుతోందన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం. తరతరాలుగా తోటలు సాగుచేస్తున్నవారు తెలివి తక్కువై వదిలేస్తున్నారని అనుకోవడానికి ముందు, వారికి ఉన్న కారణం ఏమిటో కనుక్కోవాలి. మొదటి కారణంగా అందరూ చెప్పేది వగరు. నిజమే, జీడిపండులోని టానిన్ల వల్ల గొంతు పట్టేసినట్టు ఉంటుంది. కానీ రసంలో గంజి గానీ, సగ్గుబియ్యం గానీ కలిపి ఆ వగరును అడుగున తేర్చే పద్ధతులు కేరళలో వాడుకలో ఉన్నాయి, అంటే ఆ ముడి ఎప్పుడో విడిపోయింది. రెండో కారణం కాలం. పండు రాలిన ఒక్క రోజులోనే పులియడం మొదలుపెడుతుంది. రాలేటప్పుడే దెబ్బ తింటుంది. రాలకముందే కోద్దామంటే పిక్క పూర్తిగా ముదరదు, రైతుకు అసలు రాబడి ఇచ్చేది పిక్కే. పిక్క నేల మీద రెండు మూడు రోజులు ఉన్నా పెద్దగా చెడదు కాబట్టి రైతు వీలైన రోజున ఏరిస్తాడు. పండు కావాలంటే ప్రతి ఉదయం ఏరించాలి. చిన్న చిన్న కమతాలుగా చెదిరిన ఉద్దానం తోటల్లో రోజువారీ కూలీ, రోజువారీ రవాణా ఎవరు పెట్టుకుంటారు? పైగా అదే రోజుల్లో మామిడి కోతలు మొదలై కూలీలు దొరకరు, మామిడి రసం ముందు జీడి రసం నిలవడమూ కష్టమే. ఇవన్నీ దాటినా, కొన్న యంత్రం ఏడాదిలో రెండు మూడు నెలలే తిరుగుతుంది.

ఇలా కారణాలను విప్పుకుంటూ పోతే సమస్య రూపమే మారిపోతుంది. రసం తీసే యంత్రం గురించి మొదలైన ఆలోచన, గంటల్లో పాడయ్యే సరుకును చెదిరి ఉన్న చిన్న ఉత్పత్తిదారుల నుంచి రోజూ ఎలా సేకరించాలన్న ప్రశ్నగా తేలుతుంది. అలా తేలాక పోల్చుకోవడానికి గోవా దాకా వెళ్లనక్కరలేదు, ఊళ్లోని పాల కేంద్రం సరిపోతుంది. పాలు కూడా గంటల్లో పాడవుతాయి, ఒక్కో ఇంట లీటరో రెండు లీటర్లో వస్తాయి, ఉదయం సాయంత్రం సేకరించాలి, నాణ్యత అక్కడికక్కడే తేల్చాలి. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1946లో మొదలైన పాల సహకార సంఘం ఆ చిక్కుముడినే ఊరూరా సేకరణ కేంద్రాలతో విప్పింది. జీడిపండుకూ, పాలకూ పైకి ఏ పోలికా కనిపించదు, లోపలి నిర్మాణం మాత్రం ఒకటే. పాలు ఏడాది పొడవునా వస్తాయి, పండు రెండు మూడు నెలలే వస్తుంది. ఈ తేడాను దాచిపెట్టి పోలికను సాగదీస్తే మళ్లీ మొదటికే వస్తాం.

పోలిక బాగా కుదిరిందనిపించిన క్షణం నుంచి మరో ప్రమాదం మొదలవుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1960లో 2, 4, 6 అనే మూడు సంఖ్యలు చూపించి, వాటి వెనక ఉన్న నియమాన్ని కనిపెట్టమన్నాడు. రెండేసి చొప్పున పెరుగుతున్నాయని ఊహించినవారు 8, 10, 12 వంటి వరుసలే చెప్పి చూసుకున్నారు, అవునన్న జవాబు వచ్చిన కొద్దీ ఊహ బలపడింది. అసలు నియమం పెరుగుతూ పోయే ఏ మూడు సంఖ్యలైనా సరేనన్నది. 1, 7, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే తేలిపోయేది. తన ఊహ తప్పని తేల్చగల ప్రశ్నను అడగడానికి మనసు ఒప్పుకోదు. మన యువకులు స్నేహితులకు రసం రుచి చూపించి “బాగుందా?” అని అడుగుతారు, బాగుందనే జవాబు వస్తుంది, ఎదుటివారి మొహం మీద బాగోలేదనడం మన మర్యాద కాదు. గత వారం దాహానికి ఏం కొన్నావు, ఎంత పెట్టావు, ఎక్కడ కొన్నావు అని అడిగితే జవాబులో మర్యాదకు చోటుండదు. ఈలోగా కొందరు కంపెనీకి పేరు, సీసాకు బొమ్మ, వెబ్‌సైటు కూడా సిద్ధం చేసుకుంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

బృందంగా కూర్చుంటే ఈ లోపాలు సరిపోతాయని అనుకుంటాం. అలెక్స్ ఆస్‌బోర్న్ 1950లలో ప్రచారంలోకి తెచ్చిన మేధోమథనం పద్ధతి ఆ నమ్మకం మీదే నిలబడింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో నలుగురు కలిసి ఆలోచించిన దానికంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుండగా మిగిలినవారు తమ వంతు కోసం ఆగవలసి రావడమే ప్రధాన కారణమని 1987లో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె చూపారు. మన సమావేశాల్లో ఇంకో కారణం కూడా పనిచేస్తుంది. ముందు అధికారో, ఊరి పెద్దో మాట్లాడతారు, ఆ తర్వాత మాట్లాడినవారందరూ అదే మాటకు చిలవలు పలవలు అల్లుతారు. ఇంతకుముందు చెప్పిన 2010 నాటి అధ్యయనం తేల్చినదాని ప్రకారం, ముందు ఎవరికి వారు రాసుకుని, తర్వాత కలిసి కూర్చున్న బృందాలకే మెరుగైన ఆలోచనలు వచ్చాయి, వాటిలో మంచివాటిని గుర్తించడం కూడా వారికే బాగా చేతనైంది. పెద్దల చేతికి మైకు ఇచ్చే ముందు అందరికీ పది నిమిషాలు కాగితం ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

రాయితీ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 2020లో వచ్చిన కేంద్ర సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో అర్హమైన పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ పెట్టారు. లెక్క కడితే సుమారు 28.6 లక్షల ప్రాజెక్టుకు ఆ గరిష్ఠ రాయితీ అందుతుంది. పథకం మంచిదే, కానీ ఆ అంకె మనసులో నాటుకున్నాక ఆలోచన దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది. పెట్టుబడి ఎంత ఉండాలన్నది ముందే తేలిపోయి, ఆ పెట్టుబడికి సరిపడే యంత్రం, ఆ యంత్రానికి సరిపడే సరుకు, చివరికి ఆ సరుకుకు కొనుగోలుదారు అనే వరుసలో ప్రతిపాదన తలకిందులుగా తయారవుతుంది.

దీనికి ఎదురుగా నిలిచే ఆలోచనా ధోరణిని భారత సంతతి పరిశోధకురాలు సరస్ సరస్వతి 2001లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. అనుభవం గడించిన 27 మంది సంస్థాపకులకు ఒకే ఊహాజనిత ఉత్పత్తిని ఇచ్చి, బిగ్గరగా ఆలోచిస్తూ నిర్ణయాలు తీసుకోమని కోరి, వారి మాటలను ఆమె విశ్లేషించారు. లక్ష్యం పెట్టుకుని దానికి కావలసిన వనరులు వెతుక్కోవడం వ్యాపార కళాశాలల్లో నేర్పే పద్ధతి. వీరిలో ఎక్కువమంది తమ చేతిలో ఏముంది, తమకు ఏం తెలుసు, తమకు ఎవరు తెలుసు అన్న దగ్గర మొదలుపెట్టారు. ఎంత లాభం వస్తుందన్న అంచనాకు బదులు ఎంత పోయినా తట్టుకోగలమన్న లెక్క వేసుకున్నారు. మన తీరంలో వేట పనికి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి వచ్చే మత్స్యకారులకు ఈ రెండో లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే దీన్ని కూడా మంత్రంలా పట్టుకోకూడదు. ఇటలీలో 116 కొత్త సంస్థలను రెండు బృందాలుగా చేసి జరిపిన ప్రయోగం ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రెండు బృందాలకూ ఒకే శిక్షణ ఇచ్చి, ఒకదానికి మాత్రం శాస్త్రజ్ఞుడిలా ముందు ఊహను స్పష్టంగా రాయడం, అది తప్పని ఎలా తేలుతుందో నిర్ణయించడం, పరీక్షించడం అదనంగా నేర్పారు. ఆ బృందంలోని వారు తమ మొదటి ఆలోచనను ఎక్కువసార్లు మార్చుకున్నారు, ఆదాయమూ ఎక్కువ సంపాదించారు. చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడం, ఊహను పరీక్షకు నిలబెట్టడం అనే ఈ రెండు పద్ధతులు ఒకదానికొకటి విరుద్ధమని వాదించేవారున్నారు. చిన్న నష్టంతో చేసే చిన్న పరీక్ష దగ్గర ఈ రెండూ కలుస్తాయని నేను అనుకుంటున్నాను. ఇక మన సభల్లో రాజాంలో పుట్టి జీఎంఆర్ సంస్థను నిర్మించిన గ్రంధి మల్లికార్జునరావు ఉదాహరణ వినిపించకుండా ఉండదు. ఆయన విజయం గొప్పదే, కానీ అదే కాలంలో అలాంటి ధైర్యంతోనే మొదలుపెట్టి మూతపడినవారి కథలు ఎవరూ చెప్పరు కాబట్టి, ఆ ఒక్క ఉదాహరణ నుంచి ఏది పనిచేసిందో తేల్చడం సాధ్యం కాదు.

బొబ్బిలి వీణ గురించి ఒక మాట చెప్పాలి. పనస దుంగను తొలిచి వీణ చేసే కుటుంబాలు అదే కర్రతో, అదే పనితనంతో బహుమతిగా ఇచ్చుకునే చిన్న వీణలను కూడా చేస్తున్నాయి. వాయించే మనిషి జీవితంలో ఒకటో రెండో వీణలు కొంటాడు. సన్మానాలు చేసేవారు, అతిథులను పంపించేవారు ఏటా కొంటారు. వస్తువు, కర్ర, చేయి మారలేదు, ఎవరి కోసమన్న ప్రశ్న మారింది. భారీ యంత్రమూ అక్కరలేకపోయింది.

జీడిపండు ప్రతిపాదనతో ఈసారి ఎవరైనా వస్తే యంత్రం ధర అడగను. వచ్చే ఏప్రిల్‌లో ఒక్క ఊళ్లో, పది ఉదయాలు, ఒక తక్కెడ పెట్టుకుని కూర్చోమంటాను. తొమ్మిది గంటలలోపు తెచ్చిన తాజా పండుకు కిలోకు ఇంత అని ముందే చాటించి, ఎవరు ఎంత తెచ్చారో పుస్తకంలో రాయమంటాను. మొదటి రెండు రోజులు కుతూహలంతో పిల్లలు తెస్తారు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవద్దంటాను. మూడో రోజు నుంచి ఎన్ని బుట్టలు వచ్చాయి, మామిడి కోత మొదలైన రోజున ఎన్ని తగ్గాయి, పైసలు పెంచితే మళ్లీ వచ్చాయా అన్న మూడు అంకెలు ఆ పుస్తకంలో ఉంటే, రసం సీసా గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.